ఫిషింగ్ మెయిల్స్‌కి అడ్డుకట్ట పడిందిలా: నా అనుభవం

మా చిన్న ఆఫీసు మెయిల్ సర్వర్ నేనే చూసుకుంటాను. మెయిల్స్ పంపి, అందుకునే పోస్ట్‌ఫిక్స్, దానికి తోడు చెత్త మెయిల్స్‌ని వడకట్టే స్పామ్‌అసాసిన్. కొత్త క్లౌడ్ సర్వర్‌కి మార్చాక "కేవైసీ అప్‌డేట్ చేయండి" బాపతు ఫిషింగ్ (వివరాలు కాజేసే మోసపు) మెయిల్స్ నేరుగా ఇన్‌బాక్స్‌లో పడడం మొదలైంది. అకౌంట్స్ మేడమ్ ఒక లింక్ నొక్కబోయి ఆగారు. ఇక టెన్షన్ నాది.

ఆ మెయిల్స్ హెడర్లు (మెయిల్‌తో పాటే వచ్చే సాంకేతిక వివరాలు) తీసి చూస్తే 'యూఆర్ఐబీఎల్ బ్లాక్డ్' అని ఉంది. యూఆర్ఐబీఎల్ అంటే స్పామ్ మెయిల్స్‌లో కనిపించే వెబ్ చిరునామాల జాబితా; మెయిల్‌లోని లింకుల గురించి స్పామ్‌అసాసిన్ దాన్ని అడుగుతుంది. లింక్ చెడ్డదని పట్టేసింది కాబోలు అనుకున్నాను. కాదు, జాబితా వాళ్లు మా ప్రశ్నకే జవాబివ్వలేదని దానర్థం! ఇలాంటి జాబితాలు కొద్దిపాటి వాడకానికి ఉచితం, ఎక్కువైతే డబ్బు కట్టాలి. మా సర్వరేమో పబ్లిక్ డీఎన్ఎస్ (ఇంటర్నెట్ చిరునామాలు వెతికిపెట్టే, అందరూ వాడుకునే సర్వర్) ద్వారా అడుగుతోంది. అదే దారిలో ఊరందరూ అడుగుతారు కాబట్టి, మా నాలుగు మెయిల్స్ కూడా ఆ పెద్ద లెక్కలో కలిసిపోయాయి. వాళ్ల తప్పేం లేదు, జాబితా నడపడానికి ఖర్చవుతుంది కదా.

అందుకే సర్వర్‌లోనే అన్‌బౌండ్ అనే సొంత డీఎన్ఎస్ ప్రోగ్రామ్ పెట్టాను, ప్రశ్నల్ని వేరే డీఎన్ఎస్‌కి పంపే ఫార్వర్డింగ్ లేకుండా. స్పామ్‌అసాసిన్ డీఎన్ఎస్‌ని 127.0.0.1కి (అంటే అదే సర్వర్‌కి) మార్చి రీస్టార్ట్ చేశాను. 'బ్లాక్డ్' అన్న మాట మళ్లీ కనిపించలేదు.

ఆపైన స్పామ్‌అసాసిన్‌లోని ఫిషింగ్ ప్లగిన్ (అదనపు భాగం) ఆన్ చేశాను. 3.4.2 వెర్షన్ నుంచి ఉంది, నేనే గమనించలేదు. ఓపెన్‌ఫిష్, 2006లో మొదలైన ఫిష్‌ట్యాంక్ అనే సేవలు ఉచితంగా ఇచ్చే ఫిషింగ్ లింకుల ఫైళ్లను అది చదువుతుంది. దించుకునే పని మాత్రం మనదే. పనుల్ని వేళకి దానంతటదే నడిపే క్రాన్‌లో పెట్టేశాను. మొదటిసారి ఫైల్ పర్మిషన్ తప్పిచ్చి, ఒక పూట వృథా చేసుకున్నాను.