దసరా సెలవుల్లో కారవాన్, టెంట్ ట్రిప్పా? రాత్రి ఉండే జాగా ఇలా చూసుకోండి

వానలు తగ్గుముఖం పట్టి, ప్రాజెక్టులు నిండి, నల్లమల పచ్చగా కనిపించే దసరా రోజుల్లో పిల్లలతో ఒకటి రెండు రాత్రులు ఆరుబయట గడపాలని చాలామందికి ఉంటుంది. హైదరాబాద్‌లో కారవాన్ (లోపలే పడకలు, టాయిలెట్ ఉండే బండి) అద్దెకు తీసుకుని వచ్చేవాళ్లు కొందరు, సొంత కారులో టెంట్ వేసుకుని వచ్చేవాళ్లు కొందరు. కొల్లాపూర్ దగ్గర శ్రీశైలం బ్యాక్‌వాటర్ ఒడ్డున సోమశిల, సాగర్ బ్యాక్‌వాటర్ పక్కన వైజాగ్ కాలనీ, అచ్చంపేట దాటాక అడవి అంచు. వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. కానీ ఫొటోలో సూర్యాస్తమయం బాగుందని జాగా ఖాయం చేసుకోవద్దు. అర్ధరాత్రి పిల్లకు వాంతులైనా, వాన దంచికొట్టినా, నీళ్లు పైకొచ్చినా అక్కడి నుంచి ఎలా బయటపడతామన్నది ముందు చూడండి.

అమెరికాలోని మన చుట్టాలు చెప్పే ఆర్వీ పార్కుల్లో, అంటే కారవాన్‌లు ఆపుకునే జాగాల్లో, చాలాచోట్ల ఒక్కో బండికీ కరెంటు, నీళ్లు, మురుగు పైపు విడిగా ఉంటాయి. ఉమ్మడి పాలమూరు, నల్లగొండ వైపు మనకు సాధారణంగా దొరికేది రిసార్టు ఆవరణో, హోటల్ పార్కింగో, తెలిసినవాళ్ల మామిడితోటో. ఫోన్‌లో "అన్నీ ఉన్నయి సార్" అంటారు. ఆ మాటతో ఫోన్ పెట్టేయకుండా బాత్రూమ్, ప్లగ్ పాయింట్, గేటు నుంచి లోపలికొచ్చే బాట వీడియో కాల్‌లో చూపించమనండి. కారవాన్ టాయిలెట్ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలో కూడా అప్పుడే అడగండి. దాన్ని వాగులోనో చెరువులోనో వదలడం ఎట్టి పరిస్థితుల్లోనూ కుదరదు, ఆ నీళ్లు కింద ఊళ్లవాళ్లు వాడుకుంటారు.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త నీళ్ల దగ్గర కావాలి. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, నాగార్జునసాగర్‌ది 590 అడుగులు. ఇవి రోజూ పేపర్లో వస్తూనే ఉంటాయి. బయల్దేరే ముందు ఆ రోజు మట్టం ఎంతుంది, పైనుంచి ఎంత వస్తోంది అని చూడండి. లక్ష క్యూసెక్కుల (సెకనుకు లక్ష ఘనపుటడుగుల) ప్రవాహం ఒక్క రోజు కొనసాగితే చేరే నీళ్లు 8.64 టీఎంసీలు, ఒక్క టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. శ్రీశైలం ప్రాజెక్టు ఇంకా నిండకుండా, కృష్ణ మీద దానికి పైనున్న జూరాల గేట్లు ఎత్తి ఉన్నాయంటే సోమశిల వైపు నీళ్లు పెరుగుతాయి. ఒడ్డు చదునుగా ఉన్నచోట మట్టం ఒక్క అడుగు పెరిగినా నీటి అంచు చాలా దూరం లోపలికి జరుగుతుంది. మీ దగ్గర చినుకు పడకపోయినా ఇది జరుగుతుంది, ఆ వాన ఎక్కడో మహారాష్ట్రలోనో కర్ణాటకలోనో పడి ఉంటుంది.

ఒడ్డున దిగగానే నేలను చూడండి. ఎండిన నాచు, పుల్లలు, ప్లాస్టిక్ సీసాలు కొట్టుకొచ్చి ఒక వరుసగా ఆగిపోయి కనిపిస్తాయి. నీళ్లు అక్కడిదాకా వచ్చి వెనక్కి పోయాయని అర్థం. టెంట్ ఆ గీతకు బాగా పైన ఉండాలి. చేపలు పట్టేవాళ్లు రాత్రికి పుట్టిని ఎంత పైకి లాగి బోర్లిస్తున్నారో గమనించండి. వాళ్లను అడగండి: "అన్నా, పోయిన వానాకాలం నీళ్లు ఎక్కడిదాకా వచ్చినయ్?" వాళ్లు చూపించిన చోటు రిసార్టువాళ్లు చెప్పినదానికంటే పైన ఉంటే, నేనైతే చేపలు పట్టేవాళ్ల మాటే నమ్ముతాను. నీళ్లు తీసిన ఒడ్డున పైన పొర ఆరినట్టు కనిపించినా కింద ఒండ్రు మెత్తగా ఉంటుంది, పిల్లల్ని ఒంటరిగా అటు పంపొద్దు.

డ్యామ్ దిగువన నదిలోకి అసలే దిగొద్దు. 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో పైన డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు ఒక్కసారిగా వచ్చి 24 మంది హైదరాబాద్ విద్యార్థులను బలితీసుకున్నాయి. పడవ ఎక్కితే చిన్నా పెద్దా అందరికీ లైఫ్ జాకెట్ ఉండాల్సిందే. 2007 జనవరిలో కొల్లాపూర్ వైపు కృష్ణలో పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. ఎవరికైనా జాకెట్ లేదంటే ఆ పడవ ఎక్కకండి.

వాగు పక్కన, చెరువు మత్తడి కింద కూడా మకాం వద్దు. జాగా బాగానే ఉన్నా అక్కడికి వెళ్లే దారిలో కల్వర్టు మీంచి నీళ్లు పారితే తిరిగి రాలేరు, కాబట్టి ఇంకో దారి ఉందా అని అడగండి.

నేల సంగతి డ్రైవర్లకు తెలుసు, మనం కూడా అడగాలి. నల్లరేగడిలో ఒక్క వాన పడితే కారవాన్ చక్రాలు దిగబడతాయి, ట్రాక్టర్ వస్తే తప్ప కదలదు. ఎర్రమట్టి చెలక, మొరం పోసిన జాగా మేలు. ఊరి బాటలో కరెంటు తీగలు, మామిడి కొమ్మలు కారవాన్ ఎత్తుకు తగులుతాయేమో చూసుకోండి. ఇక ఉరుములు మొదలైతే టెంట్‌లో, చెట్టు కింద ఉండకుండా అందరూ కారులో కూర్చుని అద్దాలు ఎక్కించుకోండి.

పాముల విషయంలో టెన్షన్ పడాల్సిన పనిలేదు, తెలిసి ఉండాలి. నేల మీద పడుకున్నవాళ్లకు ఎక్కువ ప్రమాదం కట్లపాముతో. రాత్రిపూట తిరుగుతుంది, కరిస్తే చీమ కుట్టినట్టు ఉంటుంది, వాపు కూడా పెద్దగా రాదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతాయి. రాత్రి తిన్న చేపల వేపుడు పడలేదేమో అనుకుని ఇంట్లోవాళ్లు వాము నీళ్లు ఇస్తూ కూర్చుంటారు. రెప్పలు వాలుతున్నాయంటే ఇక ఆలస్యం వద్దు, 108కి ఫోన్ చేయండి. కట్టు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, పాము విషానికి విరుగుడు మందు (యాంటీవెనమ్) ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ మందు మీ జాగాకు దగ్గరలో ఎక్కడ దొరుకుతుందో బయల్దేరే ముందే కనుక్కోండి. టెంట్‌లో మడత మంచం వేసుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపితే చాలావరకు భద్రం. చెప్పులు దులపకుండా తొడుక్కోవద్దు, లోపల తేళ్లుంటాయి.

అడవి వైపు వెళ్తే ఇంకో లెక్క ఉంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గుండా పోయే శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు. చీకటి పడ్డాక జాగా వెతుక్కుందామంటే కుదరదు, లోపల రోడ్డు పక్కన టెంట్ వేయడం నేరం కూడా. అటవీశాఖ అనుమతి ఉన్న బసలోనే ఉండండి, లేదంటే అడవి మొదలయ్యే మన్ననూర్‌కు ఇవతలే ఆగండి. మిగిలిన అన్నం బయట పెడితే కోతులు, అడవి పందులు వస్తాయి, ఎలుగుబంటి కూడా రావచ్చు.

కారవాన్‌కు కరెంటు పెట్టే ముందు ఎర్తింగ్ పరీక్ష చేయించండి. బండి ఒళ్లంతా ఇనుమే, ఎర్తింగ్ సరిగా లేకపోతే తడి చేతులతో తలుపు పట్టుకున్న పిల్లకు షాక్ కొడుతుంది. టెంట్‌లోగానీ మూసిన బండిలోగానీ కుంపటి, గ్యాస్ పొయ్యి పెట్టుకుని పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. జనరేటర్ పొగ కూడా అంతే, దాన్ని దూరంగా, గాలి మన మీదికి రాని వైపు పెట్టించండి.

తాగే నీళ్లు ఇంటి నుంచి క్యాన్లలో తెచ్చుకోండి. మర్రిగూడ, చండూరు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందన్న సంగతి తెలిసిందే. రెండు రోజులు తాగితే జబ్బు రాదు గానీ, మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందనుకోవడం మాత్రం తప్పు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. వానాకాలంలో బోరు నీళ్లతో విరేచనాల భయం వేరే ఉంది, దానికి మాత్రం మరగబెట్టడం పనికొస్తుంది.

అడ్వాన్స్ పంపేముందు చివరిగా ఇంకొకటి అడగండి. భారీ వర్షాల హెచ్చరిక వచ్చినా, ప్రాజెక్టు గేట్లు ఎత్తినా తేదీ మార్చుకోనిస్తారా, డబ్బులు తిరిగి ఇస్తారా? జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. ఇవ్వమంటే ఆ జాగా వద్దు, ఎందుకంటే డబ్బులు పోతాయన్న బాధతోనే చాలామంది వానలో కూడా బయల్దేరుతారు.