కాలువగట్టు పాఠాలు – 3: కర్త ఎవరు?

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. ఇంటి నుంచి పది నిమిషాల్లో నడిచి వెళ్లగలిగే ఒక చోటు ఎంచుకోవాలి. వారం పాటు రోజూ అదే చోట పావుగంట కూర్చోవాలి. కనిపించినవన్నీ నోటు పుస్తకంలో రాయాలి. పని చేసిన కొందరు తమ పుస్తకాలు తెచ్చి చూపించారు. చాలా సంతోషం వేసింది. అయితే దాదాపు ప్రతి పుస్తకంలోనూ ఉన్నది ఇదే తీరు: "కాకులు, గోరింకలు, ఉడుత, రావిచెట్టు, గుర్రపుడెక్క, రెండు కొంగలు." పచారీ కొట్టు చీటీలా ఉంది. చీటీలో సరుకులు కనిపిస్తాయి, వంట కనిపించదు.

ఇందులో మీ తప్పేమీ లేదు. ఏమేమి ఉన్నాయో చూడమని మాత్రమే నేను చెప్పాను. ఈ పాఠంలో ఎవరు ఎవరిని ఏం చేస్తున్నారో చూడటం నేర్చుకుందాం. ప్రాణుల మధ్య బంధాలను చదివే జీవావరణ శాస్త్రం (ఎకాలజీ) మొదలయ్యేది ఇక్కడే. 1866లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ ఈ శాస్త్రానికి పేరు పెట్టినప్పుడు 'ఇల్లు' అనే అర్థమున్న గ్రీకు మాటను తీసుకున్నాడు. ఒక ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెడితే ఆ ఇల్లు మనకు తెలిసినట్టు కాదు. ఎవరు వండుతారు, ముందు ఎవరికి వడ్డిస్తారు, ఎవరి సంపాదన మీద ఎవరు బతుకుతున్నారు, ఎవరు అలిగితే పొయ్యి వెలగదు, ఇవి తెలియాలి. కాలువగట్టు కూడా అంతే.

దీనికి కావలసిన పరికరం మీ దగ్గర ఇప్పటికే ఉంది. బడిలో నేర్చుకున్న కర్త, కర్మ, క్రియ.

చూసిన ప్రతిదాన్నీ ఒక పూర్తి వాక్యంగా రాయండి. చేసింది ఎవరు, ఎవరిని లేదా దేన్ని, ఏం చేసింది. నా పుస్తకంలో ఒక ఉదయం ఇలా ఉంది:

ఉదయం 6.20. బందరు కాలువ గట్టు, రావిచెట్టు. మబ్బు లేదు, గాలి లేదు.
గోరింక రావిపండును మింగింది.
కాకి కోయిలను తరిమింది.
ఉడుత అరుగు మీద పడిన అటుకులు తింది.
ఒక పెద్దావిడ చెట్టు చుట్టూ తిరిగి మానుకు పసుపు దారం చుట్టింది.

పక్షి పేరు తెలియకపోతే కంగారు పడకండి. "పిడికిలంత ఆకుపచ్చ పిట్ట, నుదుటి మీద ఎర్ర మచ్చ, రావిపండును పొడిచింది" అని రాస్తే చాలు. కంసాలి సుత్తితో కొట్టినట్టు టుక్ టుక్ మని ఆగకుండా పలికే ఆ పిట్టను కంసాలిపిట్ట అంటారని తర్వాతైనా తెలుస్తుంది. పేరు రేపు దొరుకుతుంది. ఆ క్షణంలో అది చేసిన పని మాత్రం మళ్లీ దొరకదు.

ఒక కట్టుబాటు మాత్రం గట్టిగా పాటించాలి. కంటితో చూసింది పెన్నుతో రాయండి. ఊహించింది పెన్సిలుతో రాయండి. కాకి కోయిలను తరమడం నేను చూశాను, కాబట్టి అది పెన్ను. "తన గూట్లో గుడ్డు పెడుతుందన్న అనుమానంతో కాకి తరిమింది" అన్నది నా ఊహ, కాబట్టి పెన్సిలు. ఊహకు ఆధారం లేకపోలేదు, కోయిల కాకి గూట్లో గుడ్లు పెట్టే మాట నిజమే. అయినా ఆ ఉదయం నేను చూసింది తరమడం మాత్రమే. కొన్ని వారాల తర్వాత అదే చెట్టు మీద, కాకి పిల్లలా లేని ఒక పిల్ల నోరు తెరుస్తుంటే కాకి మేత పెట్టడం చూస్తే అప్పుడు మరో పెన్ను వాక్యం వస్తుంది. పెన్సిలు గీతలను చెరపకండి. ఏ ఊహ నిలిచిందో, ఏది కూలిందో తెలుసుకోవడమే ఈ చదువులో సగం.

ఇప్పుడు రావిచెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. విజయవాడలోనూ గుంటూరులోనూ ఇది లేని పేట ఉండదు, పైగా ఒక్క చెట్టు దగ్గరే ఈ పాఠమంతా దొరుకుతుంది.

రాలిన రావిపండును గోటితో రెండుగా చీల్చి చూడండి. భూతద్దం ఉంటే మంచిది, లేకపోతే ఫోను కెమెరాను దగ్గరగా పెట్టండి. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని చిన్నప్పుడే విన్నాం, అదేదో ఆ పండుకు అవమానం అన్నట్టు. నిజానికి రావి, మర్రి, మేడి, జువ్వి అన్నీ ఒకే కుటుంబం, ఆ పురుగు లేకపోతే వీటికి గింజే లేదు. మనం పండు అనుకునేది లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. వందల చిన్న పూలు లోపలి గోడకు అతుక్కుని ఉంటాయి. బయటికి ఒకే ఒక సన్నని ద్వారం. చీమకన్నా చిన్నదైన ఒక ఆడ కందిరీగ ఆ ద్వారంలోంచి దూరుతుంది. దూరేటప్పుడు తరచు రెక్కలు ఊడిపోతాయి. లోపల పూలకు పుప్పొడి అంటిస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, అక్కడే చనిపోతుంది. దాని పిల్లల్లో మగవాటికి రెక్కలుండవు. అవి లోపలే జతకట్టి, గోడకు కన్నం తొలిచి, బయటి లోకం సరిగా చూడకుండానే పోతాయి. ఆడవి ఆ కన్నంలోంచి పుప్పొడితో ఎగిరి వెళ్లి మరో చెట్టును వెతుక్కుంటాయి. వాటికి మిగిలిన ఆయుష్షు ఒకటి రెండు రోజులే. పైగా ఈ కుటుంబంలో ఒక్కొక్క చెట్టుకు సాధారణంగా ఒక్కొక్క జాతి కందిరీగే సాయం. రావి పురుగు మర్రికి పనికిరాదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. రెండు రోజుల ఆయుష్షున్న పురుగు బతకాలంటే, ఎగిరి చేరగలిగినంత దూరంలో మరో రావిచెట్టు అదే సమయానికి కాయలతో సిద్ధంగా ఉండాలి. అందుకే ఊళ్లోని రావిచెట్లన్నీ ఒకేసారి కాయవు. మీ పేటలో చెట్టు బోడిగా ఉన్నప్పుడు పక్క పేటలో చెట్టు పండ్లతో నిండి ఉంటుంది. పురుగు కోసం ఏర్పడిన ఈ వంతుల పద్ధతి వల్ల గోరింకకు, కోయిలకు, కంసాలిపిట్టకు, రాత్రిపూట గబ్బిలానికి ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట భోజనం దొరుకుతుంది. ఒక చెట్టును కొట్టేస్తే పోయేది దాని నీడ ఒక్కటే అనుకుంటాం. ఆ వంతుల్లో ఒక వంతు పోతుంది.

ఇక విభక్తులు. కర్త, కర్మ, క్రియ వచ్చేశాక వాక్యంలో విభక్తిని మార్చి చూడండి. "గోరింక రావిపండును తింది." ఇది 'ను'. తిన్న పండులోని గింజ గోరింక పొట్టలో అరగదు, రెట్టతో పాటు ఎక్కడో పడుతుంది. "గోరింక వల్ల మేడ గోడ మీద రావి మొలిచింది." ఇది 'వల్ల'. "రావిపండులో కందిరీగ పుట్టింది." ఇది 'లో'. "గోడను రావివేరు చీల్చింది." మళ్లీ 'ను'. పాఠ్యపుస్తకాలు పరస్పర లాభం, పరాన్నజీవనం, పోటీ అంటూ బంధాలను పేర్లతో విడదీస్తాయి. ఆ పేర్లు ముందు ముందు నేర్చుకుందాం. ఎవరికి, ఎవరి వల్ల, ఎవరి నుంచి, ఎవరితో అని అడగడం అలవాటైతే ఆ పేర్లు వాటంతట అవే అర్థమవుతాయి.

వారం వాక్యాలు పోగయ్యాక తినడానికి సంబంధించినవన్నీ ఒక కాగితం మీదికి తెచ్చి బాణాలు గీయండి. కొత్తవారు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. బాణం తిన్నవాడి నుంచి తిండి వైపు కాకుండా, తిండి నుంచి తిన్నవాడి వైపు వెళ్లాలి. శక్తి ఎటు ప్రవహిస్తోందో బాణం చెబుతుంది. కాలువలో నాచు నుంచి చిన్న పురుగుకు, పురుగు నుంచి చేపపిల్లకు, చేపపిల్ల నుంచి లకుముకిపిట్టకు. ప్రతి మెట్టు దగ్గరా చాలా శక్తి బతకడానికే, అంటే కదలడానికి, ఊపిరికి, ఒంటి వేడికి ఖర్చయిపోతుంది. పై మెట్టుకు చేరేది సుమారుగా పదోవంతు. అందుకే చేపపిల్లలు లెక్కలేనన్ని ఉన్నా, కనుచూపు మేర గట్టు మీద లకుముకిపిట్టలు ఒకటో రెండో.

ఈ లెక్క నేర్చుకున్న తర్వాత నాకు చాలాకాలం ఒక చిక్కు మిగిలిపోయింది. గద్దలు. వేటాడే పక్షి పై మెట్టు మీద ఉండాలి, అంటే కొన్నే ఉండాలి. కానీ మన ఊళ్లో మధ్యాహ్నం తలెత్తితే గద్దలు గుంపులుగా తిరుగుతుంటాయి. నా బాణాల బొమ్మలో అన్ని గద్దలకు సరిపడా తిండి ఎక్కడా లేదు. ఒక ఆదివారం మాంసం కొట్ల వీధిలో నిలబడినప్పుడు జవాబు దొరికింది. కొట్టతను పేగులు, తోలు ముక్కలు పక్కన విసిరాడు, గద్దలు వరసగా దిగి ఎగరేసుకుపోయాయి. నా బొమ్మలో లేని బాణం మన చేతి నుంచే బయలుదేరుతోంది. ఆ రోజు నుంచి మనుషులను బొమ్మ బయట ఉంచడం మానేశాను. మీరూ మానండి.

మనుషులు వచ్చే వాక్యాలు రాయడం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే కర్తను దాచేయడం మనకు బాగా అలవాటు. "కాలువ పాడైపోయింది." "చెరువు పూడిపోయింది." "కాలనీ మునిగిపోయింది." వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కానీ అసలు పని చేసినవారు ఈ వాక్యాల్లో లేరు. ఇలాంటి వాక్యం ఎదురైనప్పుడల్లా ఎవరు, ఏం చేశారు అని అడిగి తిరిగి రాయండి.

గుర్రపుడెక్కను తీసుకోండి. "కాలువను గుర్రపుడెక్క కప్పేసింది" అంటే కర్త ఉన్నట్టే ఉంటుంది. ఇంకొంచెం లోతుకు దిగాలి. ఇది దక్షిణ అమెరికా మొక్క, ఊదా పూల అందం చూసి మనుషులే దేశదేశాలకు తెచ్చారు. ఇక్కడ దాన్ని మేపుతున్నది ఏమిటి? మురుగునీటిలోని నత్రజని, భాస్వరం. పొలంలో ఎరువు ఏం చేస్తుందో కాలువలో మురుగు అదే చేస్తుంది. ఆకులు నీటిపై పరుచుకుంటే వెలుతురు లోపలికి దిగదు, అడుగున నాచు చస్తుంది, కుళ్లే ఆకులు నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి, చేపకు ఊపిరాడదు. ఇప్పుడు వాక్యం తిరిగి రాయండి: "మేము కాలువలోకి మురుగు వదిలాం. మురుగు గుర్రపుడెక్కను మేపింది. గుర్రపుడెక్క చేప నుంచి గాలి లాక్కుంది." యంత్రాలతో డెక్క తీయించినప్పుడల్లా అది ఎందుకు తిరిగి వస్తుందో మొదటి వాక్యంలోనే ఉంది.

2024 సెప్టెంబరు 1న విజయవాడలోని సింగ్ నగర్ మునిగినప్పుడు "బుడమేరు ముంచేసింది" అన్నాం. బుడమేరు కొల్లేరు వైపు పారే ఏరు. పొంగినప్పుడు పక్కలకు పరుచుకోవడానికి దానికి పల్లపు నేల కావాలి. ఆ పల్లంలో ఊరు పెరిగింది. పెరిగింది అన్నానంటే నేనూ కర్తను దాచినట్టే. స్థలాలుగా కోసి అమ్మినవారు, కాగితాల మీద సరే అన్నవారు, గట్ల సంగతి పట్టించుకోనివారు, మరోచోట కొనే స్తోమత లేక అక్కడ ఇల్లు కట్టుకున్నవారు. ఈ నలుగురూ ఒకే వాక్యంలో ఒకే కర్తగా ఇమడరు. నాలుగు వాక్యాలు రాయాలి. మొదటి ముగ్గురి బరువు నాలుగోవారి మీద వేయకూడదన్న పట్టుదల నాకుంది.

మనిషి కర్తగా ఉన్న వాక్యాలన్నీ చెడ్డవే అనుకోకండి. ఆ పెద్దావిడ పసుపు దారం దగ్గరికి మళ్లీ వెళదాం. దారం చుట్టిన చెట్టును నరకడానికి ఎవరికీ చేయి రాదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పక్కనున్న చెట్లు పోయి, నాగశిలలున్న రావి మిగలడం మీరు చూసే ఉంటారు. "దారం చెట్టును కాపాడింది." ఇది పెన్సిలు వాక్యమే, కానీ నాకు నమ్మకమున్న పెన్సిలు. అదే భక్తితో కొందరు మాను చుట్టూ మొదలంటా సిమెంటు అరుగు కట్టేస్తారు. వేళ్లకు వాన నీరు, గాలి అందవు. మానుకు మూరెడు దూరమైనా మట్టి వదలమని చెబితే వింటారు. నేను రెండుచోట్ల చెప్పాను, ఒకచోట విన్నారు.

గుంటూరు పాఠకులకు ఇంకో మంచి చోటు ఉంది, ఊరికి దగ్గరలోని ఉప్పలపాడు చెరువు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, కంకణాలు అక్కడ చెట్ల మీద గూళ్లు కడతాయి, ఊరివారు వాటిని కాచుకుంటారు. అక్కడ నత్తలు తినే కొంగను వెతకండి. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, పెద్దయ్యాకే వస్తుంది. నత్తగుల్లలోకి ముక్కు కొన దూర్చి కండను తెంపి బయటికి లాగుతుంది. దాని మేత వరిపొలాల్లో, నీటి గుంటల్లో దొరుకుతుంది. ఇప్పుడు వాక్యాలను గొలుసుగా కట్టండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర పశ్చిమ డెల్టా కాలువకు నీరు వదులుతారు. కాలువ వరిచేనును తడుపుతుంది. తడి చేనులో నత్త పెరుగుతుంది. కొంగ నత్తను తింటుంది, పిల్లకు పెడుతుంది. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తయినప్పుడు అది వరి కోసం. 1957లో బ్యారేజీ వచ్చిందీ వరి కోసమే. ఆ నీరు కొంగపిల్ల నోటిదాకా వెళ్లే దారి ఏ పథకంలోనూ రాసి లేదు.

ఈ వారం పని. అదే చోటు, అదే పావుగంట. రోజుకు మూడు వాక్యాలు, ఎక్కువ వద్దు. మూడింటిలో ఒకదానికి కర్త మనిషి కావాలి, వారంలో ఒక్కసారైనా ఆ మనిషి మీరే కావాలి. ఏడో రోజున బాణాలు గీయండి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని తిండి ఏదైనా మిగిలితే దాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంచండి.

వచ్చే పాఠం నీటి దగ్గర. కాలువ మెట్ల మీద ఈ రోజు నీరు ఏ మెట్టును తాకుతోందో చూసి, ఆ మెట్టుకు సుద్దముక్కతో గీత గీసి, పక్కన తేదీ వేసి రండి.