తారు పనులు జరిగే దారిలో సైకిల్ తొక్కేవాళ్లకు జాగ్రత్తలు

మీరు రోజూ వెళ్లే రోడ్డు మీద తారు పనులు మొదలైతే, అక్కడ ఏ పద్ధతిలో వేస్తున్నారో ముందు చూసుకోండి. పాతది గీకి హాట్ మిక్స్ (తారు, కంకర వేడిగా కలిపినది) పరుస్తున్నారా, లేక తారు చల్లి పైన చిప్స్ (సన్న కంకర రాళ్లు) జల్లుతున్నారా? సైకిల్‌ని పడేసే తీరు దేనిది దానిదే.

గీకి వదిలేసిన రోడ్డు మీద మిల్లింగ్ మెషిన్ పళ్లు పొడవునా చాళ్లు తీసి ఉంటాయి. ఆ పళ్లుండే డ్రమ్ము మామూలుదైతే చాలుకూ చాలుకూ మధ్య దాదాపు 15 మి.మీ. సన్న టైరు వాటిలో పడితే హ్యాండిల్ మాట వినదు. బిగబట్టి తిప్పబోతే ఇంకా ఊగుతుంది. చేతులు వదులుగా ఉంచి, ఒకే వేగంతో తొక్కండి. చాళ్ల కన్నా మ్యాన్‌హోల్ మూతలతోనే భయం. చుట్టూ గీకేశాక అవి 25 నుంచి 50 మి.మీ. పైకి లేచి ఉంటాయి, రాత్రి అసలు కనబడవు. పని పూర్తయ్యేదాకా చీకటిపడ్డాక ఆ దారి మానుకోవడమే మేలు.

హాట్ మిక్స్‌కు ముందు చల్లే ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు) మొదట గోధుమ రంగులో ఉంటుంది. విరిగి నీళ్లు వేరయ్యాక నల్లబడుతుంది. గోధుమ రంగులో ఉన్నంతసేపూ సబ్బు నీళ్లలా జారుతుంది, దాని మీదికి సైకిల్ పోనివ్వొద్దు. పరిచిన పొర అంచున ఆ పొర మందమంత మెట్టు మిగులుతుంది, పక్కన మట్టి వేసేదాకా. పొరపాటున కిందికి దిగితే వాలుగా మళ్లీ పైకి ఎక్కించబోకండి: చక్రం అంచును రాసుకుంటూ పోయి, మనిషి రోడ్డు మీదికే, వెనక వచ్చే బండి ముందుకే పడతాడు. ఆగి, దిగి, ఎత్తి పెట్టుకోండి.

అన్నిటికన్నా సైకిల్‌కు విసుగు పుట్టించేది చిప్స్ రోడ్డే. ఖర్చు తక్కువని వేస్తారు, గతుకులు మనకు మిగులుతాయి. 14 మి.మీ. చిప్స్ కన్నా 6 మి.మీ. చిప్స్ వేసిన దారి చేతులకు చాలా నయం. రోలర్ తొక్కినా చిప్స్ అన్నీ అతుక్కోవు. ఊడినవాటిని బండ్లు అంచుకీ, రోడ్డు మధ్యకీ, మలుపు బయటి వైపుకీ నెడతాయి. అంటే మనం అలవాటుగా వెళ్లే అంచే పోగుబడే చోటు. వెనక చూసుకుని, బండ్ల చక్రాలు తిరిగి శుభ్రమైన జాడలో వెళ్లండి. మలుపుకు ముందే, సైకిల్ నిటారుగా ఉండగానే వేగం తగ్గించండి. వంగి ఉన్నప్పుడు ముందు బ్రేక్ ముట్టుకోవద్దు. ఎండకు ఆ జాడల్లోనే తారు పైకి తేలి నల్లగా మెరుస్తుంటే, వాన పడ్డప్పుడు దానికి దూరంగా ఉండండి. ముందు బండి విసిరే రాళ్ల కోసం కళ్లద్దాలు తప్పనిసరి.

టైరు 28 మి.మీ. లేదా అంతకన్నా వెడల్పుంటే గాలి మామూలు కన్నా 10 పీఎస్‌ఐ తగ్గించండి, అదురు తగ్గుతుంది. సన్న టైరుకు అంత తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబ్ రిమ్ముకి నొక్కుకుని పంక్చరవుతుంది.

టైరుకు తారు అంటిందంటే చిప్స్ కూడా అంటుకుంటాయి. అవి మడ్‌గార్డ్‌లో ఇరుక్కుంటే ముందు చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది. గరగర చప్పుడు వినగానే ఆగి గీకేయండి. ఇంటికి వచ్చాక వంటనూనె గుడ్డతో తుడిచి, సబ్బు నీళ్లతో కడగండి. కిరోసిన్, పెట్రోల్ రబ్బరును పాడుచేస్తాయి. నూనె రిమ్ముకి గానీ డిస్కుకి గానీ తగిలితే బ్రేక్ పట్టదు, పొడి గుడ్డ అడ్డంపెట్టి తుడవండి.