డొయ్ మొయ్‌ను 1986తో మొదలుపెట్టి చదవకండి

కమ్యూనిస్టు పార్టీ అధికారం వదులుకోకుండానే వియత్నాం మార్కెట్ వైపు ఎలా మళ్లిందో తెలియాలంటే, ఆ మళ్లింపుకు డొయ్ మొయ్ (నవీకరణ) అని పేరుపెట్టిన 1986 డిసెంబరు పార్టీ ఆరో మహాసభను కాసేపు పక్కన పెట్టండి. ముందు 1985, 1989 సంవత్సరాలను ఒకే కాగితం మీద రెండు వరుసల్లో రాసుకోండి. రెండుసార్లూ ప్రభుత్వం ధరలనే సవరించింది. మొదటిది బెడిసికొట్టింది, రెండోది నిలబడింది. అసలు విషయమంతా ఆ తేడాలోనే ఉంది.

1985 వరుసలో: సర్కారు ధరలను బజారు ధరల దగ్గరకు పెంచారు, జీతాలూ పెంచారు, సెప్టెంబరులో దేశ కరెన్సీ డాంగ్‌ను మార్చి 10 పాత డాంగ్‌లకు 1 కొత్త డాంగ్ ఇచ్చారు. బడ్జెట్ లోటు మాత్రం తగ్గలేదు. జీతాలకూ, ప్రభుత్వ సంస్థల నష్టాలకూ నోట్లు అచ్చేస్తూనే పోయారు. 1986లో ద్రవ్యోల్బణం 700 శాతం దాటింది.

1989 వరుసలో: చాలా సరుకులపై ధరల అదుపు ఎత్తేశారు, డాంగ్ మారకపు రేటును బజారు రేటుకు దగ్గర చేశారు. అన్నిటికన్నా ముఖ్యం, మూడు నెలల పొదుపుపై నెలకు 12 శాతం వడ్డీ ప్రకటించారు. నెలకు, ఏడాదికి కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ధరల పెరుగుదలను మించి వడ్డీ వస్తుంటే బియ్యం, బంగారం కొని దాచుకోవాల్సిన అవసరం తగ్గింది, డబ్బు బ్యాంకులకు చేరింది.

అక్కడితో ఆపేయకండి. ప్రభుత్వ సంస్థలకు మాత్రం డిపాజిట్ వడ్డీకన్నా చవకగా అప్పులిచ్చారు. ఆ తేడా బ్యాంకుల మీద పడింది. 1990లో పరపతి సహకార సంఘాలు కుప్పకూలాయి, ధరలు మళ్లీ ఎగిశాయి.

వ్యవసాయానికి రెండు పత్రాలు జతగా చదవండి. 1981 నాటి పార్టీ 100వ ఆదేశం సహకార సంఘాల పొలాల్లో నాటు, కలుపు, కోత పనులను కుటుంబాలకు అప్పగించి, ఇవ్వాల్సిన కోటాకు మించిన పంటను వాళ్లకే వదిలింది. తర్వాత కోటాలు పెంచుకుంటూ పోవడంతో రైతుకు ఉత్సాహం చచ్చిపోయింది. 1988 ఏప్రిల్ నాటి పార్టీ 10వ తీర్మానం సాగును నేరుగా కుటుంబం చేతిలో పెట్టింది. మరుసటి ఏడాదే వియత్నాం సుమారు 14 లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసింది.

తేదీలు వేసుకునేటప్పుడు పార్టీ తీర్మానాన్నీ చట్టాన్నీ విడివిడిగా రాయండి. మొదటిది వచ్చిన చాలా ఏళ్లకు గానీ రెండోది రాకపోవచ్చు. 10వ తీర్మానం దారి చూపిన ఐదేళ్లకు, 1993 భూమి చట్టం వార్షిక పంటల భూమికి 20 ఏళ్లు, బహువార్షిక పంటలకు 50 ఏళ్ల వినియోగ హక్కు ఇచ్చింది. ఆ హక్కును బదిలీ చేయవచ్చు, కౌలుకివ్వవచ్చు, తాకట్టు పెట్టవచ్చు, వారసులకివ్వవచ్చు. భూమి మాత్రం ప్రజలందరి ఆస్తిగా రాజ్యం అజమాయిషీలోనే ఉండిపోయింది. అందుకే మీ నోట్సులో ఎక్కడా ‘ప్రైవేటు భూమి’ అని రాయకండి, ‘వినియోగ హక్కు’ అనే రాయండి.