పెళ్లి వీడియోలతో ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ వేగాన్ని కొలవడం ఎలా?

తిరుచానూరులో తెల్లవారుజాము ముహూర్తాన్ని చిత్రీకరించి, మధ్యాహ్నానికి కాణిపాకంలో మరో పెళ్లికి చేరుకోవలసిన వీడియోగ్రాఫర్‌కు మెమరీ కార్డులు ఎంతసేపట్లో ఖాళీ అవుతాయన్నదే అసలు ప్రశ్న. ఆ ఫుటేజీని దాచుకునే ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ (కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపే వేగవంతమైన స్టోరేజీ డ్రైవ్) పెట్టె మీద ముద్రించే సెకనుకు 1,050 ఎంబీ వంటి అంకె అన్నీ అనుకూలించినప్పుడు వచ్చే గరిష్ఠ వేగం కాబట్టి, దానిని బట్టి సమయం లెక్కవేసుకోకూడదు.

ముందుగా కేబుల్‌ను చూడండి. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే టైప్-సి కేబుళ్లలో చాలావాటికి యూఎస్‌బీ 2.0 అనే పాత, నెమ్మదైన ప్రమాణం సామర్థ్యమే ఉంటుంది. దానితో కలిపితే ఎంత ఖరీదైన డ్రైవైనా సెకనుకు 40 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. డ్రైవ్‌తో పాటు ఇచ్చిన కేబులే వాడండి. పరీక్షకు పెట్టే ఫైళ్లు ల్యాప్‌టాప్ లోపలి ఎన్‌వీఎంఈ (చాలా వేగవంతమైన రకం) ఎస్‌ఎస్‌డీలో ఉండాలి. పాత హార్డ్ డిస్క్ నుంచి కాపీ చేస్తే మీరు కొలిచేది ఆ హార్డ్ డిస్క్ వేగాన్నే.

ఇప్పుడు ఒక పెళ్లి ఫుటేజీ మొత్తాన్ని, కనీసం 100 జీబీని, ఒకేసారి కాపీ చేస్తూ ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడపండి. చిన్న ఫైలుతో పరీక్షించడం వృథా. చాలా డ్రైవులు వచ్చిన డేటాను మొదట ఎస్ఎల్‌సీ క్యాష్ అనే వేగవంతమైన భాగంలో రాసుకుంటాయి. అది నిండగానే, విండోస్ కాపీ కిటికీలో అప్పటిదాకా సమంగా సాగిన ఆకుపచ్చ గ్రాఫ్ ఒక్కసారిగా కిందికి జారుతుంది. ఆ జారుడు ఎన్ని జీబీల దగ్గర మొదలైందో తప్పక రాసుకోండి, ఎందుకంటే డ్రైవ్ కొనాలా వద్దా అన్నది నా దృష్టిలో ఆ ఒక్క అంకెతోనే తేలిపోతుంది. కాపీ ముగిశాక డ్రైవ్‌ను ఎజెక్ట్ చేసి, తీయవచ్చన్న సందేశం వచ్చిన తరువాతే గడియారం ఆపండి. 1,00,000 ఎంబీకి 400 సెకన్లు పడితే సగటు వేగం సెకనుకు 250 ఎంబీ.

వేలకొద్దీ ఫొటోలున్న ఫోల్డర్‌తోనూ ఇదే పరీక్ష చేయండి. ప్రతి ఫైలుకూ విడిగా నమోదు పని ఉంటుంది కనుక ఇక్కడ వేగం తగ్గడం సహజమే. డ్రైవ్ నుంచి తిరిగి చదివే వేగాన్ని కొలిచే ముందు మాత్రం కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయాలి; లేకపోతే ఇప్పుడే కాపీ అయిన ఫైళ్లు ర్యామ్ నుంచే వచ్చి లేని వేగం చూపిస్తాయి.

చివరగా, డ్రైవ్ 80 శాతం నిండిన తరువాత, మే నెల మధ్యాహ్నం తిరుపతిలో ఏసీ లేని గదిలో మొదటి పరీక్షను మళ్లీ చేయండి. వేడెక్కిన డ్రైవ్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. కల్యాణ మండపంలో మీకు దక్కేది ఆ వేగమే.