వానాకాలానికి ముందు ఇనుప గనిలో జాగ్రత్తలు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, ఎటపల్లి తాలూకాలో ఉన్న సూర్జాగఢ్ కొండ మీద ఇనుప ఖనిజాన్ని బెంచీలుగా, అంటే పైనుంచి కిందికి మెట్లు మెట్లుగా తవ్వుతారు. సిరొంచ, అహేరి వైపునుంచి అక్కడికి పనికి వెళ్లే తెలుగువారు మృగశిర కార్తెకు ముందే, అంటే జూన్ మొదటి వారంలోపే, కొన్ని విషయాలు చూసుకోవాలి.

వాన కురుస్తున్నంతసేపూ అందరూ జాగ్రత్తగానే ఉంటారు. వాన వెలిసి, ఆగిన పనిని అందుకోవాలన్న తొందర మొదలైనప్పుడే అసలు ముప్పు. మట్టిలోకి ఇంకిన నీరు బంకమన్ను పొరల వెనక నిలిచి గట్టును లోపలినుంచి నెడుతూ ఉంటుంది కాబట్టి, పైన ఎండ కాస్తున్నా గట్టు జారిపోవచ్చు. అందువల్ల వాన తర్వాత మేటు (కూలీల పని చూసే పెద్ద) గాని, ఫోర్‌మన్ గాని బెంచీలన్నీ తిరిగి చూసేదాకా ఎవరూ గట్టు కిందికి వెళ్లకూడదు.

వారు ముందుగా చూడవలసింది బెంచీ అంచుకు వెనక నేల మీద కనిపించే సన్నని పగులును. దానికి అటొకటి, ఇటొకటి మేకు దిగ్గొట్టి, ప్రతి షిఫ్టులోనూ టేపుతో ఆ దూరం కొలిచి రాసిపెట్టాలి. దూరం పెరిగినా, ఒకవైపు నేల కుంగినా, పైనా కిందా ఉన్న మనుషులను, యంత్రాలను వెంటనే తప్పించి మేనేజరుకు చెప్పాలి. తవ్వకం అంచుకు 3 మీటర్లలోపు చెట్టు గాని, వదులు రాయి గాని, మట్టికుప్ప గాని ఉండకూడదని 1961 నాటి లోహ గనుల నిబంధనలు చెబుతున్నాయి; తడిసిన నేల మీద ఆ నియమాన్ని సడలించడానికి వీల్లేదు.

కొండ పైభాగపు నీరు గనిలోకి దిగకుండా చుట్టూ తీసిన కాలువల్లో పూడిక తీయించాలి. తీసినట్టు రిజిస్టరులో రాయడం తేలికే గనుక, ఎవరో ఒకరు కాలువ వెంట చివరిదాకా నడిచి చూడటం మంచిది. సంపులోని, అంటే గని అడుగున నీరు చేరే గుంటలోని, పంపులను ముందే ఒకసారి నడిపి చూడాలి. ఎర్రమట్టి నీరు పొలాల్లోకి, వాగుల్లోకి పోకుండా ఆపే గుంటలనూ ఇప్పుడే ఖాళీ చేయించాలి.

టిప్పరు డ్రైవర్లు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. హెమటైట్ అనే ఇనుప ఖనిజం మామూలు రాయికన్నా దాదాపు రెట్టింపు బరువుంటుంది. పైగా తడిసిన ఖనిజపు పొడి బంకలా టిప్పరు తొట్టి అడుక్కు అంటుకుపోతుంది. తొట్టి లేపాక ఒకవైపు సరుకు జారి, మరోవైపుది అలాగే ఉండిపోతే బండి పక్కకు ఒరిగిపోతుంది. అలాంటప్పుడు బండిని ముందుకూ వెనక్కూ కుదపకుండా తొట్టిని నెమ్మదిగా దించి, సమతలమైన చోటికి తీసుకెళ్లి గీకించాలి. లేపిన తొట్టి కిందికి ఆధారం పెట్టకుండా ఎవరూ దూరకూడదు. డంపు, అంటే సరుకు కుప్పపోసే చోటు, అంచున ఉండే కట్ట తగినంత ఎత్తుండాలి. వానకు అది కరిగి ఉంటే సరుకును అంచుకు దూరంగానే దించి, డోజరుతో నెట్టించాలి.

ఉరుము వినబడితే పేలుడు మందు నింపే పని ఆపి, అందరూ ఆ చోటికి దూరంగా వెళ్లిపోవాలి. అడవి దారుల్లో వంతెన మీదుగా నీరు పారుతుంటే, ముందు బండి దాటిందని వెనక బండి దిగకూడదు. గడ్చిరోలిలో మలేరియా ఎక్కువ కనుక దోమతెర లేకుండా క్యాంపుల్లో పడుకోవద్దు. చలిజ్వరం వస్తే ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని, ఆశా కార్యకర్త వద్ద గాని రక్తపరీక్ష చేయించుకోవాలి.