కొబ్బరి డొక్క, పొట్టు, మట్ట: ఏది ఎలా వాడాలి

కాయలు అమ్మేశాక తోటలో మిగిలే డొక్కల్లో (కాయ మీది పీచు తొక్క), మట్టల్లో పొటాష్ దండిగా ఉంటుంది. తగలబెడితే సేంద్రియ పదార్థం పొగైపోతుంది, బూడిదలోని పొటాష్ తొలి వానకే కొట్టుకుపోతుంది.

ముందు పొట్టు సంగతి. పీచు తీశాక మిగిలే ఈ పొట్టును పచ్చిగానే పాదుల్లో పోయడం ఎక్కువగా జరిగే పొరపాటు. ఇందులో కర్బనం, నత్రజని నిష్పత్తి సుమారు 112:1. అంత కర్బనాన్ని కుళ్లబెట్టే క్రమంలో సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్క పసుపుబారుతుంది. కంపోస్టు చేస్తే ఈ నిష్పత్తి 24:1 దగ్గరికి దిగుతుంది.

టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, పొట్టును కుళ్లబెట్టే ముత్యపు చిప్ప పుట్టగొడుగు విత్తనం 5 సీసాలు కావాలి. నీడలో 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు స్థలం చదును చేయండి. 100 కిలోల పొట్టు పరిచి, దానిపై ఒక సీసా విత్తనం చల్లండి. మళ్లీ 100 కిలోలు పరిచి, ఈసారి కిలో యూరియా చల్లండి. ఇలా ఒకటి విడిచి ఒకటిగా పది పొరలు వస్తాయి. ఎత్తు మీటరు దాటనివ్వకండి. పొట్టు తన బరువుకు రెట్టింపు నీరు పట్టి ఉండాలి. పిడికిట పట్టి పిండితే నాలుగు చుక్కలు రాలాలి, ధార కారకూడదు. 30 రోజులకు పొట్టు నల్లబడి మట్టి వాసన వస్తుంది.

ఘాటైన అమ్మోనియా వాసన కొడితే యూరియా ఎక్కువైనట్టే. ఐదు కిలోలకు బదులు పది వేస్తే త్వరగా కుళ్లుతుందని ఆశపడకండి. పుల్లటి వాసన వస్తే నీరు ఎక్కువై గాలి ఆడడం లేదు, కుప్పను తిరగేయాలి. నెల గడిచినా పొట్టు ఎర్రగానే ఉంటే, ఎండి ఉండవచ్చు, లేదా విత్తనం పాతదై ఉండవచ్చు. ఆకుపచ్చ బూజు పట్టిన సీసాను కొనకండి, తెల్లని బూజు నిండుగా ఉండాలి. ఉప్పునీటిలో నానబెట్టిన డొక్కల నుంచి వచ్చిన పొట్టయితే, నర్సరీలో వాడే ముందు మంచినీటితో రెండు మూడుసార్లు కడగక తప్పదు.

డొక్కలకు కంపోస్టు అక్కర్లేదు, పూడ్చడమే మేలు. చెట్టు మొదలుకు 1.5 మీటర్ల దూరంలో చుట్టూ 30 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు కందకం తీసి, చెట్టుకు 100 డొక్కల చొప్పున గుంట వైపు పైకి ఉండేలా పేర్చి మట్టి కప్పండి. గిన్నెల్లా నీటిని పట్టి ఉంచి, ఎండాకాలంలో పిందె రాలడాన్ని తగ్గిస్తాయి. ప్రభావం 5 నుంచి 7 ఏళ్లు ఉంటుంది. చుట్టూ ఒకేసారి తవ్వితే వేర్లు బాగా తెగుతాయి కాబట్టి ఈ ఏడు సగం, వచ్చే ఏడు మిగతా సగం చేయడం మంచిది. నీరు నిలిచే నేలల్లో ఈ పని పెట్టుకోవద్దు. పాదుపై మల్చింగ్‌గా పరిచేటప్పుడు మాత్రం డొక్కలను బోర్లించాలి, లేకపోతే దోమలకు ఇల్లు కట్టినట్టే.

మట్టలకు వానపాములు సరిపోతాయి. బలమైన మొదలు భాగం కోసి పక్కన పెట్టి, మిగతాది మూడు నెలలు వాననీటికి నాననివ్వండి. టన్ను ఆకుకు 100 కిలోల పేడ నీళ్లలో కలిపి పోసి, రెండు మూడు వారాల తర్వాత కిలో వానపాములు వదలండి. పేడ వేడి చల్లారకముందే వదిలితే పాములు చస్తాయి. రెండున్నర, మూడు నెలల్లో ఆకు బరువులో సుమారు 70 శాతం ఎరువుగా దక్కుతుంది.

అయితే ఈ కుప్పలన్నింటికీ ఒక శత్రువు ఉంది, కొమ్ము పురుగు. కుళ్లుతున్న సేంద్రియ పదార్థంలోనే అది గుడ్లు పెడుతుంది, రెక్కలొచ్చాక అదే తోటలో మొవ్వు తొలుస్తుంది. కుప్ప తిరగేసినప్పుడల్లా వంకీ తిరిగిన తెల్లటి లావు పురుగులను ఏరి చంపండి. మెటారైజియం శిలీంధ్రాన్ని కుప్పలో కలిపితే అవి జబ్బు చేసి చస్తాయి. గానోడెర్మా తెగులుతో (వేర్లను, మొదలును కుళ్లబెట్టే శిలీంధ్రం) చచ్చిన చెట్టు మొద్దును, వేర్లను మాత్రం ఏ కుప్పలోనూ వేయకుండా తవ్వి తీసి కాల్చేయండి. ఇక్కడ మంటే మందు.

చిప్పలు కుళ్లవు, బొగ్గుకే పనికొస్తాయి. గాలి తక్కువగా అందే డ్రమ్ములో ఎండు చిప్పలను కాలిస్తే బరువులో దాదాపు 30 శాతం బొగ్గు వస్తుంది. గాలి ఎక్కువైతే మిగిలేది బూడిదే.